పసుపెక్కిన ఆకును తుంచేముందు

ప్రశ్న: మాది హిందూపురం. 14 ఏళ్లుగా బెంగళూరులో ఉంటున్నాం. మేడ మీద 35 కుండీల్లో మందారం, చామంతి, పారిజాతం, తులసి, కొన్ని ఆకుకూరలు పెంచుతున్నాను. ఆఫీసు ఒత్తిడితో ఈమధ్య బీపీ వచ్చింది. డాక్టరుగారు మందులు రాసి, మైండ్‌ఫుల్‌నెస్ (ఉన్న క్షణం మీద మనసు నిలిపే సాధన) కూడా చేయమన్నారు. ఫోన్లో యాప్ పెట్టుకుని కళ్లు మూసుకుంటే నిమిషం తిరక్కుండానే ఆఫీసు మీటింగులు కళ్లముందుకొస్తాయి. ఆ యాప్‌లో ‘శరత్కాలపు తోటలో నడవండి, రాలే ఎర్రటి ఆకులను చూడండి’ అంటారు. మాకు ఎర్రటి ఆకులెక్కడివి? నా తోటలో ఈ కాలంలో కనబడేవి వానకు కుళ్లిన బంతి మొక్కలు, పసుపెక్కిన మందారం ఆకులు. పైకి వెళ్తే పనులే కనిపిస్తాయి, దిగేసరికి విసుగు ఇంకా పెరుగుతుంది. తోటను చూస్తూ మనసు నిలుపుకోవడం నాలాంటివాళ్లకు సాధ్యమేనా? ఎలా మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, హొరమావు, బెంగళూరు

జవాబు: సాధ్యమేనండీ. సగం జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. ‘పైకి వెళ్తే పనులే కనిపిస్తాయి’ అన్నారు చూడండి, చిక్కంతా అక్కడే. మీరు చూస్తున్నది తోటను కాదు, తోటలో మిగిలిపోయిన పనులను. పసుపు ఆకు కంటపడగానే చెయ్యి దాని మీదికి వెళ్తుంది. అది ఏ వైపు నుంచి పసుపెక్కింది, ఎన్నాళ్లుగా పసుపెక్కుతోంది అని చూసేలోపే చెత్తబుట్టలో ఉంటుంది. అందుకని మీకు చెప్పేది ఒకటే. చూసే వేళను, చేసే వేళను విడదీయండి. ముందు కన్ను, తర్వాత చెయ్యి. మిగతాదంతా దీన్ని ఎలా నడపాలన్న వివరమే.

ఒక హెచ్చరిక ముందే చెప్పాలి. మనసు కుదుటపడిందనిపించినా బీపీ మాత్రలు మీ అంతట మీరు ఆపకూడదు, తగ్గించకూడదు. ఈ సాధన మందుకు తోడే కానీ మందుకు బదులు కాదు.

ఇక ఎర్రటి ఆకుల సంగతి. అవి మేపుల్ చెట్లు పెరిగే చలిదేశాల దృశ్యం. మన శరత్తు ఆశ్వయుజ, కార్తిక మాసాలు. మనకు ఆకులు రాలే కాలం దాని తర్వాతి హేమంతమూ కాదు, ఆ పైన వచ్చే శిశిరం. బెంగళూరు వీధుల్లో కానుగ చెట్లు ఆకు దులిపేది సంక్రాంతి దాటాకే. అక్టోబరులో ఈ ఊళ్లో రాలేవి పూలు. తెల్లవారేసరికి రోడ్డు మీద పొడుగాటి కాడలతో తెల్లగా పరుచుకుని ఉండేవి ఆకాశమల్లె పూలు. నవంబరు నుంచి గులాబీరంగు టబెబుయా చెట్ల పూత మొదలవుతుంది, ఎండాకాలం ముందర పసుపు రంగుది విరబూస్తుంది. ఇలా ఒకదాని వెనక ఒకటి పూయడం వెనక మనిషి ఆలోచన కూడా ఉంది. 1908లో లాల్‌బాగ్‌కు వచ్చిన జర్మన్ ఉద్యానవేత్త క్రుంబిగల్, ఒక చెట్టు పూత ముగిసేసరికి ఇంకో రకం పూతకు వచ్చేలా ఈ ఊరి వీధులకు చెట్లను ఎంపిక చేసి నాటించాడు. రుతువులు కంటికి కనబడాలనే నాటిన ఊళ్లో ఉన్నారు మీరు. యాప్‌లోని తోట కోసం వెతుక్కోనక్కర్లేదు.

మరి మీ మేడ మీద ఈ రెండు నెలల్లో మారేదేమిటి? మూడున్నాయి. వాన, గాలి, వెలుతురు.

వాన గురించి మీకు చెప్పనక్కర్లేదు. బెంగళూరులో ఏడాదంతటికీ ఎక్కువ వాన పడేది సెప్టెంబరు, అక్టోబరుల్లోనే. గాలి మార్పును మాత్రం చాలామంది గమనించరు. సూర్యోదయానికి తూర్పు ముఖంగా కూర్చోండి. ఆషాఢ శ్రావణాల్లో గాలి వీపుకు తగులుతుంది, అది పడమటి గాలి. ఆశ్వయుజంలో కొన్నాళ్లు ఎటూ తేలకుండా ఆగి ఆగి వీస్తుంది. కార్తికం నడుస్తుండగా ఒక పొద్దున అదే గాలి ముఖానికి చల్లగా తగులుతుంది. తీగ మీద ఆరేసిన చీర అంచు ఇన్నాళ్లూ తూర్పుకు ఎగిరేది, ఇప్పుడు పడమరకు తిరుగుతుంది. నైరుతి వెళ్లిపోయి ఈశాన్యం వచ్చిందన్న వాతావరణ వార్తను మీ చెంపే మీకు చెబుతుంది.

వెలుతురు మార్పును కొలిచి చూడవచ్చు. ఆదివారం మధ్యాహ్నం 12 గంటల 10 నిమిషాల ప్రాంతంలో 30 సెంటీమీటర్ల స్కేలును మేడ మీద నిటారుగా నిలబెట్టి, నీడ కొన దగ్గర సుద్దముక్కతో గీత గీయండి, పక్కన తేదీ వేయండి. సెప్టెంబరు మూడో వారంలో ఆ నీడ 7 సెంటీమీటర్లే. డిసెంబరు 21కి 22 సెంటీమీటర్లు అవుతుంది. సూర్యుడు దక్షిణానికి జరుగుతున్నాడని పంచాంగంలో చదవడం వేరు, మీ మేడ గచ్చు మీద వారం వారం చూడటం వేరు. దీనికో ఉపయోగం కూడా ఉంది. గోడకు ఉత్తరం వైపున ఎండ తగ్గిపోతున్న కుండీలేవో, దక్షిణపు పిట్టగోడ నీడ ఏ మొక్కల మీదికి పాకుతోందో ఆ గీతలే చెబుతాయి. కుండీలు జరపాల్సింది అప్పుడు, ఊహించి కాదు.

ఇప్పుడు సాధన. రోజుకు 12 నిమిషాలు చాలు. మొదటి వారంలోనే 40 నిమిషాలు పెట్టుకున్నవాళ్లు రెండో వారంలో మానేస్తారు. అక్టోబరు నడుమ బెంగళూరులో సూర్యోదయం 6.10 ప్రాంతంలో. 6.15కు పైన ఉండండి. ఫోను కిందే ఉండాలి, సైలెంట్‌లో పెట్టి జేబులో వేసుకున్నా పనికిరాదు. సమయానికి వంటింటి టైమర్ తెచ్చుకోండి. అగరుబత్తి వెలిగించి అది ఆరేదాకా కూర్చుందామనుకుంటారేమో, వద్దు. తడి మట్టి వాసనను, తులసి వాసనను అది మింగేస్తుంది. వానాకాలం మేడ మీద పాచి పడుతుంది, కూర్చునే చోటును, మెట్ల నుంచి అక్కడికి నడిచే దారిని ముందురోజే గట్టి చీపురుతో రుద్ది ఉంచుకోండి. ఎత్తు తక్కువ ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చోండి, కుండీలో ఉన్న మొక్క కంటికి సూటిగా ఉంటుంది.

చేతులు ఒళ్లో పెట్టుకోండి. 12 నిమిషాలూ అవి అక్కడే ఉండాలి. ఇదే అన్నిటికంటే కష్టమైన నియమం. మొదటి రెండు నిమిషాలు అరికాళ్లకు గచ్చు చల్లదనం తెలుస్తోందా, ఊపిరి ముక్కు దగ్గర తెలుస్తోందా, పొట్ట దగ్గరా అని గమనించండి. ఊపిరిని లోతుగా లాగడం, బిగబట్టడం అక్కర్లేదు. తర్వాత మూడు నిమిషాలు చెవులకు వదిలేయండి. దగ్గర శబ్దం ఒకటి, దూరపు శబ్దం ఒకటి పట్టుకోండి. పక్కింటి కుక్కర్ విజిల్, రింగురోడ్డు హోరు, కాకి అన్నీ లెక్కలోకి వస్తాయి. ప్రశాంతమైన శబ్దాల కోసం వెతకొద్దు. ఆ తర్వాత అయిదు నిమిషాలు ఒకే కుండీ, అందులో ఒకే కొమ్మ. చివరి రెండు నిమిషాలు ముక్కుకు, చర్మానికి: గాలి ఎటు నుంచి, మట్టి వాసన నిన్నటిలా ఉందా, ఎండ ఏ భుజాన్ని ముందు తాకింది.

అయిదు నిమిషాలు కొమ్మను ఏం చూడాలి అంటారా? మందారం ఆకును తీసుకోండి. తొడిమ ఆకును కలిసే చోటు నుంచి ఈనెలు విసనకర్రలా విడిపోతాయి. ఊపిరి పీల్చేటప్పుడు నడిమి ఈనె వెంట కొన దాకా చూపును నడపండి. వదిలేటప్పుడు అంచు రంపపు పళ్ల మీదుగా వెనక్కి రండి. ఒక ఊపిరికి ఒక ప్రదక్షిణ. నడుమ మీటింగు వస్తుంది, తప్పకుండా వస్తుంది. వచ్చినప్పుడు మనసులో ‘ఆఫీసు’ అని ఒక్కసారి అని, మళ్లీ తొడిమ దగ్గర మొదలుపెట్టండి. అయిదు నిమిషాల్లో ముప్పైసార్లు వెళ్లి ముప్పైసార్లు తిరిగొస్తే సాధన చెడినట్టు కాదు. ఆ తిరిగి రావడమే సాధన. కళ్లు మూసుకుంటే ఆలోచనల ప్రవాహం పెరిగేవాళ్లకు ఇలా కళ్లు తెరిచి, కంటికి ఒక వస్తువునిచ్చి చేయడం బాగా కుదురుతుంది. మీకు యాప్ నప్పకపోవడానికి కారణం అదే అయ్యుండొచ్చు, మీలో లోపమేమీ లేదు.

మన పెద్దవాళ్లు దీన్ని ఎరుక అన్నారు. ఇప్పుడు ఎనిమిది వారాలు నేర్పే ఈ పద్ధతి ఆస్పత్రిలో మొదలైంది 1979లో, అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయపు వైద్యకేంద్రంలో, జాన్ కబట్-జిన్ చేతుల మీదుగా. మీరూ ఎనిమిది వారాలు పెట్టుకోండి. దసరా ప్రాంతంలో మొదలుపెడితే కార్తికం ముగిసేదాకా వస్తుంది, శరత్తు మొత్తం అందులో పడుతుంది. 35 కుండీలూ చూడొద్దు. మూడే చాలు: మందారం, చామంతి, పారిజాతం.

మందారంతో మొదలుపెట్టమనడానికి కారణం మిమ్మల్ని బాధపెడుతున్న ఆ పసుపు ఆకులే. కింది కొమ్మల్లో పసుపు తిరగడం మొదలైన ఆకును ఒకదాన్ని ఎంచుకుని తొడిమకు వదులుగా ఒక దారం ముక్క కట్టండి. దాన్ని తుంచొద్దు. రోజూ అదే ఆకు. పసుపు ఒక్కసారి రాదు. ముందు ఈనెల నడుమ పాలిపోతుంది, ఈనెల వెంబడి పచ్చదనం కొన్నాళ్లు సన్నటి గీతల్లా పట్టుకుని ఉంటుంది. ఆ రోజుల్లో మొక్క లోపల పెద్ద పనే జరుగుతోంది. ఆకులోని పత్రహరితాన్ని, మాంసకృత్తులను విడగొట్టి, ఆకులోంచి నత్రజనిని, మరికొన్ని పోషకాలను వెనక్కి లాక్కుని చివుళ్లకు పంపుతోంది. పచ్చదనం పోగా ఎప్పటి నుంచో అక్కడున్న పసుపు బయటపడుతుంది. అదే సమయంలో తొడిమ మొదట్లో పలచని కణాల పొర ఒకటి ఏర్పడి ఆకును కొమ్మ నుంచి విడదీస్తుంది. వారం అటూ ఇటూగా ఒకరోజు గాలికే రాలుతుంది. రాలాక కొమ్మ మీద ఆ చోటును చూడండి, చిన్న మచ్చ తప్ప చీలిక ఉండదు, జిగురు కారదు. మొక్క తానే ఆ గాయాన్ని ముందుగా మూసేసుకుంది. పచ్చిగా ఉన్నప్పుడు మీరు తుంచిన ఆకు తొడిమ దగ్గర తడి ఊరుతుంది. రెండింటినీ పక్కపక్కన చూస్తే ఇక పసుపు ఆకు కనబడగానే చెయ్యి అంత త్వరగా లేవదు.

అన్ని పసుపులూ ఒకటి కావు. కింది ముదురు ఆకులు వారానికి ఒకటీ రెండూ పోతుంటే అది సహజం, వదిలేయండి. కొస చివుళ్లు పసుపెక్కి ఈనెలు మాత్రం ముదురాకుపచ్చగా ఉంటే ఇనుము అందడం లేదు. బోరు నీళ్లలోని ఉప్పు, సున్నం వల్ల మట్టి క్షారంగా మారితే ఇనుము ఉన్నా వేళ్లు తీసుకోలేవు. కుండీ అంచున తెల్లటి పెచ్చు కడుతుంటే అనుమానం అక్కర్లేదు. వాన నీళ్లు పట్టి నాలుగైదుసార్లు అవే పోయండి. చిలేటెడ్ ఐరన్ (మొక్క తేలిగ్గా పీల్చుకునే రూపంలోని ఇనుము) ప్యాకెట్ మీది మోతాదులో ఆకుల మీద పిచికారీ చేయండి. మొక్క నిండా ఒక్కసారే ఆకులు పాలిపోయి, మట్టి తడిగా ఉన్నా వేలాడుతుంటే వేళ్లకు ఊపిరాడటం లేదు. అడుగు రంధ్రం మూసుకుపోయిందేమో పుల్లతో పొడిచి, కుండీని రెండు ఇటుకల మీదికి ఎత్తి, నీళ్లు ఆపండి. ఈ తేడాలన్నీ ఆ అయిదు నిమిషాల చూపులోనే పట్టుబడతాయి. తోటపనికీ మంచిదే, అయితే ఆ వేళకు కనిపెట్టడం మాత్రమే. వైద్యం టైమర్ మోగాక.

మూడో వారం నుంచి చామంతికి వెళ్లండి. ఈ మొక్కకు పూతకాలం చెప్పేది చలి కన్నా ముందు చీకటి. రాత్రి చాలినంత పొడుగయ్యిందని తెలిశాకే మొగ్గ కడుతుంది. బెంగళూరులో సెప్టెంబరు 22కి పగలు 12 గంటల పైచిలుకు, డిసెంబరు 21కి 11 గంటల 20 నిమిషాలు. తేడా ముప్పావుగంటే. మనకు తెలియని ఆ ముప్పావుగంటను చామంతి ఆకు లెక్కపెడుతుంది. అందుకే రాత్రిపూట దీపం కింద ఉన్న చామంతి ఆకులు వేస్తూ పోతుంది, మొగ్గ వేయదు. దసరాకు ముందు కొన్న మొక్క నవంబరుకూ మొగ్గ తొడగకపోతే ఎరువులు మార్చకముందు రాత్రి తొమ్మిదింటికి మేడెక్కి, ఆ కుండీ మీద ఎక్కడి వెలుగు పడుతోందో చూడండి. వీధి ఎల్‌ఈడీ దీపమా, మెట్ల గది బల్బా, ఎదురు అపార్ట్‌మెంట్ లైటా? కుండీని ట్యాంకు నీడలోకి జరపండి, వీలుకాకపోతే సాయంత్రం ఆరింటికి అట్టపెట్టె బోర్లించి పొద్దున ఏడింటికి తీయండి. నాలుగు వారాల్లోపు మొగ్గలు చిన్న పచ్చ బొత్తాల్లా కనబడతాయి. వారంలో ఒక రాత్రి అక్కడే దీపాలు లేకుండా పది నిమిషాలు నిలబడండి. ఈ ఊళ్లో చీకటి ఎంత తక్కువో అప్పుడు తెలుస్తుంది.

మీవైపు అనపకాయలు, ఇక్కడ అవరెకాయి అంటారు కదా, ఆ నాటు చిక్కుడుదీ ఇదే తీరు. వానల్లో విత్తినా పగళ్లు కురచనయ్యేదాకా తీగే సాగుతుంది, పూత రాదు. ‘ఇంత పెరిగినా కాయదేం’ అని సెప్టెంబరులో పీకేసేవాళ్లున్నారు. పీకకండి.

పారిజాతానికి వేళ వేరు. దీన్ని శనివారం రాత్రి, ఆదివారం పొద్దునకు పెట్టుకోండి. చీకటి పడుతుండగా, ఆరున్నర ఏడు మధ్య, మొగ్గ మీది మెలిక విడుతుంది. ఒకే మొగ్గను చూస్తూ కూర్చోండి. కదలిక కంటికి కనబడదు. కన్ను పక్కకు తిప్పి మళ్లీ చూసేసరికి రేకుల మధ్య సందు ఏర్పడి ఉంటుంది, నారింజ రంగు కాడ కనబడుతుంది. దోమలుంటాయి, పొడుగు చేతుల బట్టలు వేసుకోండి. కుండీల కింది పళ్లేల్లో నీళ్లు ముందే ఒంపేయండి, ఈ ఊళ్లో డెంగీ కాలం ఇది. రాత్రి పడుకునే ముందు మొక్క కింద పాత నూలు పంచె పరచండి. పొద్దున ఆరింటికే వచ్చి కూర్చుంటే పూలు ఇంకా రాలుతుంటాయి. ఒక్కొక్కటీ కాడ పైకి, రేకులు కిందికి తిరిగి పడుతుంది. పంచె మీద పడిన చప్పుడు వినాలంటే మీ ఊపిరి చప్పుడు కూడా తగ్గాలి. నేల రాలినవి పూజకు పనికొచ్చే పువ్వు ఇదొకటే అంటారు కాబట్టి ఇక్కడ కోయడమన్న పనే లేదు. మీ చేతులకు ఇంతకంటే మంచి విశ్రాంతి దొరకదు.

ఇక చేసే వేళ. 12 నిమిషాలు అయ్యాక పావుగంటో, అరగంటో పని చేసుకోండి. అయితే ఒకసారికి ఒకటే. నీళ్లు పోస్తూ ఎండుటాకులు ఏరడం, ఏరుతూ పురుగులు వెతకడం వద్దు, మళ్లీ ఆఫీసు నడక అలవాటైపోతుంది. పైపు బదులు మగ్గు వాడండి. శరత్తులో నీళ్ల అవసరం రోజురోజుకీ మారుతుంది కాబట్టి చూపుడువేలు రెండు కణుపుల లోతు మట్టిలోకి దించి, చల్లగా తడి తగిలితే ఆ కుండీని దాటేయండి. వేసవి లెక్కన రోజూ పోసే అలవాటే అక్టోబరులో ఎక్కువ మొక్కలను చంపుతుంది. డ్రిప్ టైమర్ ఉంటే ఈ రెండు నెలలు ఆపేయండి.

మొలకను చూడటం కావాలంటే మెంతులంత సులువైనది లేదు. రెండు టీస్పూన్ల మెంతులు రాత్రి నానబెట్టండి. 12 అంగుళాల వెడల్పు, నాలుగైదు అంగుళాల లోతున్న తొట్టిలో తడిపిన మట్టి మీద పలచగా చల్లి, అరంగుళం మందం పొడి మట్టి కప్పి, చేత్తో నీళ్లు చిలకరించండి. మూడో రోజో నాలుగో రోజో మట్టి పైపొర సన్నగా పగులుతుంది. ఆ పగులును చూడండి, దాన్ని ఎత్తుతున్నది వంగిన మెడ. సాయంత్రానికి మెడ నిటారవుతుంది, గింజ పొట్టు ఒక ఆకుకు టోపీలా వేలాడుతూ ఉంటుంది. దాన్ని లాగేయాలనిపిస్తుంది. లాగొద్దు, రెండు రోజుల్లో అదే పడుతుంది. 25 నుంచి 30 రోజులకు కోతకొస్తుంది. మొలకలు గుంపుగా మెడ దగ్గర నల్లబడి వాలిపోతే చిక్కగా చల్లారన్నమాట, లేదా సాయంత్రం పూట నీళ్లు పోస్తున్నారు. మళ్లీ పలచగా చల్లి, పొద్దునే పోయండి.

వానకు కుళ్లిన బంతి మొక్కల గురించి రాశారు. వాటిని దాటుకుంటూ వెళ్లిపోవడమే మీకు ఎక్కువ బరువవుతోందని నా అభిప్రాయం. ఒక ఆదివారం వాటికే ఇవ్వండి. ఒక కుండీని పక్కకు వాల్చి, తట్టి, మట్టిగడ్డను కాగితం మీదికి దించండి. ముందు వాసన చూడండి. ఆరోగ్యంగా ఉన్న మట్టికి తొలకరి వాసన ఉంటుంది, ఊపిరాడని మట్టికి మురుగు కంపు. వేరును వేళ్ల మధ్య నలిపితే పైతోలు ఊడి లోపల దారంలాంటిది మిగిలితే అది వేరుకుళ్లు, ఆ మొక్క లేవదు. తెల్లగా గట్టిగా ఉన్న వేళ్లు సగమైనా కనిపిస్తే పై కొమ్మలు మూడో వంతు కత్తిరించి కొత్త మట్టిలో పెట్టండి. నాలుగు పాళ్లు ఎర్రమట్టి, మూడు పాళ్లు వర్మీకంపోస్ట్, రెండు పాళ్లు కడిగిన కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు), ఒక పాలు ముతక ఇసుక. 12 అంగుళాల కుండీకి గుప్పెడు వేపపిండి. కోకోపీట్ సగానికి సగం వేయడమే ఈ వానల్లో కుళ్లుకు పెద్ద కారణం, అది నీటిని పట్టుకుని వదలదు. పోయిన మొక్కను చూసి మనసు కలుక్కుమంటే ఆ కలుక్కుమనడం ఒంట్లో ఎక్కడ తెలుస్తోందో, గొంతులోనా, గుండెల మీదా, కాసేపు గమనించండి. సర్దిచెప్పుకోవద్దు. ఎండిన బంతిపూలు రెండు నలిపి చూస్తే లోపల నల్లటి కొనతో సూదుల్లాంటి గింజలు ఉంటాయి. తడి తగలకుండా కాగితపు కవరులో దాచండి. నత్తలు కనబడితే ఒట్టి చేత్తో ముట్టుకోకండి, మనిషికి హాని చేసే పురుగు పిల్లలు వాటి జిగురులో ఉండొచ్చు. ప్లాస్టిక్ కవరు తొడుక్కుని ఏరి ఉప్పునీళ్లలో వేయండి.

రాసుకోవడానికి ఒక చిన్న నోటుబుక్కు. రోజుకు మూడు ముక్కలు: తేదీ, కొత్తగా కనబడింది ఒకటి, ఆ వేళ మీ మనసు ఎలా ఉందో ఒక మాట. ‘అక్టోబరు 19. దారం కట్టిన ఆకు కింది అంచు గోధుమరంగు. చిరాకు.’ ఇంతే. ఫొటోలు మాత్రం ఎనిమిది వారాలూ వద్దు. ఫొటో తీసిన క్షణంలో చూపు ఆగిపోతుంది, తీశాక వాట్సాప్ తెరుచుకుంటుంది.

దారి తప్పేది సాధారణంగా ఇలాగే. ‘ఇవాళ ప్రశాంతత రాలేదు’ అని మార్కులు వేసుకోవడం మొదటిది. ప్రశాంతత వచ్చినా రాకపోయినా 12 నిమిషాలు కూర్చున్నారా లేదా అన్నదే లెక్క. రెండోది వాన. జోరువానలో మేడెక్కనక్కర్లేదు, గుమ్మంలో నిలబడి సజ్జ అంచు నుంచి జారే చుక్కల్లో ఒకే చోట పడేదాన్ని చూడండి, దానికీ అదే టైమర్. మూడోది ఇంట్లోవాళ్లు. అత్తగారో పిల్లలో వెతుక్కుంటూ వస్తే విసుక్కోకుండా పక్కన ఇంకో స్టూలు వేయండి, మాట్లాడకుండా కూర్చోవాలని చెప్పండి. పిల్లలు కంటికి చిక్కనివి కనిపెడతారు. ఈ రోజుల్లో తోక ఊపుతూ గచ్చు మీద పరుగెత్తే పసుపు పొట్ట పిట్ట ఒకటి మేడల మీద దిగుతుంది, హిమాలయాల వైపు నుంచి చలికాలానికి వచ్చే బూడిదరంగు వ్యాగ్‌టెయిల్ అది. నల్ల రెక్కల మీద నీలి చారల సీతాకోకచిలుకలు ఒకే దిక్కుగా పోతుంటాయి, తూర్పు కొండల నుంచి పడమటి కనుమలకు తిరుగు ప్రయాణం. పెద్దవాళ్ల కంటే ముందు పిల్లలకే కనబడతాయి.

కార్తికంలో ఒకరోజు ఉసిరికాయతో చేయండి. పైన చెప్పిన ఎనిమిది వారాల పద్ధతిలో ఎండుద్రాక్షను ఒక్కదాన్ని అయిదు నిమిషాలు తినిస్తారు. మనకు ఉసిరి అంతకంటే బాగుంటుంది. పెద్ద ఉసిరికాయను వెలుగుకు ఎత్తి పట్టుకుంటే పచ్చటి గుజ్జులోంచి నిలువు చారలు కనబడతాయి. ఒక బద్ద నోట్లో పెట్టుకుని వెంటనే కొరక్కండి. నాలుక అంచుల్లో నీరూరడం, కొరికాక పులుపు, దాని వెనక వగరు, దవడల బిగింపు వరసగా గమనించండి. మింగాక గుక్కెడు మంచినీళ్లు తాగితే ఆ నీళ్లే తియ్యగా ఉంటాయి. ఆ తీపి ఎంతసేపు నిలుస్తుందో చూడండి.

నిద్ర పట్టకపోవడం, ఏడుపు, గుండెదడ, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటి ఉంటే తోట మీద భారం వేయకండి. 14416కు ఫోన్ చేయండి. టెలీ-మానస్ అనే ఉచిత ప్రభుత్వ సేవ అది, 24 గంటలూ ఉంటుంది, తెలుగులోనూ మాట్లాడతారు. ఇక్కడి మానసిక ఆరోగ్య ఆస్పత్రి నిమ్హాన్స్‌కైనా నేరుగా వెళ్లవచ్చు. కళ్లు తెరిచి కూర్చున్నా భయం పెరుగుతుంటే సాధన ఆపి ఆ సంగతి మీ డాక్టరుగారికి చెప్పండి.

ఎనిమిది వారాలు నడిచాక చామంతి పూసి వాడిపోతుంది. అప్పుడు దాన్ని పారేయకుండా కాండాన్ని నాలుగంగుళాలు ఉంచి కత్తిరించండి. మొదట్లో పిలకలు లేస్తాయి, వచ్చే ఏటికి మొక్కలు అవే. వాటి కోసం ఒక ఖాళీ కుండీ ఇప్పుడే పక్కన పెట్టి ఉంచండి. ఇవాళ మాత్రం సాయంత్రం పైకి వెళ్లి మందారానికి కింది కొమ్మల్లో పసుపు తిరుగుతున్న ఆకును ఎంచి, దారం కట్టి వచ్చేయండి. టైమర్‌ను, చెప్పులను మేడమెట్ల దగ్గర, ఫోను ఛార్జర్‌ను వంటింట్లో పెట్టి పడుకోండి.